మంచం కింద కాటుక

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఆ మధ్య నన్ను పిలిచి "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అన్నారు. నేను మొదలుపెట్టేసరికి సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, మిగతా సగం భోజనాల వైపు చూస్తున్నారు. అందుకే రాస్తున్నాను. రాసినదైతే తిన్న తర్వాతైనా చదువుకోవచ్చు.

ఏ ఊళ్లో ఎన్నాళ్లు చేశాను, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరి చేతుల మీదుగా శాలువా కప్పించుకున్నాను అన్నవి రాయను. ఆ శాలువా ఇప్పుడు మా కుక్క కింద ఉంది. దాని వల్ల ఒకరికైనా సుఖం కలుగుతోందంటే అదే మొదటిసారి.

ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన మందు ఒకటుంది. అది ఏ షాపులోనూ దొరకదు, దాన్ని రాసిచ్చినందుకు ఎవరూ దండం పెట్టరు. "కొన్నాళ్లు దాని జోలికి పోకండి" అన్నదే ఆ మందు. మన జిల్లాలో దీన్ని మింగించడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక నల్లపిల్లి కథ చెబుతాను.

సూదెయ్యకుండా కొట్టం దాటద్దు

పిల్లి కంటే ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. పలమనేరు వైపు నా మొదటి పోస్టింగులో మా పెద్ద డాక్టరు గారు. కాన్పు కష్టమైన ఆవు దగ్గర గంటసేపు భుజం దాకా చెయ్యి పెట్టి దూడను బతికించగల మనిషి. ఆ చేతికి నేను ఇప్పటికీ నమస్కారం చేస్తాను. నోటికి మాత్రం చెయ్యను.

ఒకసారి ఒక రైతు ఆవు మేత మానేసింది. కొత్త గడ్డి పడలేదు, అంతే. "ఏమీ వద్దు, పాత గడ్డే వేసి రేపటిదాకా చూడు" అన్నాను. ఆ రైతు నన్ను ఎగాదిగా చూసి నేరుగా మా పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన ఎర్రటి విటమిన్ సూది ఒకటి పొడిచాడు. మరునాడు ఆవు మేసింది. ఊరంతా సూది గొప్పతనమే.

"సూడమ్మా," అన్నాడు ఆయన, మీసం దువ్వుకుంటూ. "ఆవు ఊరికే లేచినా మన సూదితోనే లేచిందనుకోవల్ల. సూదెయ్యకుండా కొట్టం దాటినావంటే, రెండోసారి నిన్నెవురూ పిలవరు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వృత్తి నడుపుకోవడానికి అంతకంటే మంచి సలహా లేదు. వైద్యానికి మాత్రం అంతకంటే చెడ్డ సలహా లేదు. మీకూ ఇలాంటి పెద్దాయన ఒకరు దొరుకుతారు. ఆయన చెయ్యి చూసి నేర్చుకోండి, మాటలకు చెవులు మూసుకోండి.

రెండుసార్లు తిరిగొచ్చిన సరుకు

రిటైరయ్యాక రేణిగుంట రోడ్డు మీద ఉన్న ఒక జంతువుల ఆశ్రమానికి పొద్దున పూట వెళ్లడం మొదలుపెట్టాను. ఉచిత సేవ. ఉచితం అంటే పని ఎక్కువ, కుర్చీ ఉండదు. దాన్ని నడిపే కమల ఒకప్పుడు బ్యాంకు ఉద్యోగి. మనుషులతో విసిగిపోయి కుక్కలు, పిల్లులతో విసుగు మొదలుపెట్టింది.

అక్కడ ఒక నల్లపిల్లి ఉండేది. కూరగాయల మార్కెట్లో టమాటా బుట్టల సందులో దొరికింది. తోక చివర ఎవరో తలుపు సందున పెట్టి నొక్కినట్టు వంకర. మనిషి చెయ్యి కనబడితే చాలు, గోడకు అతుక్కుపోయి కళ్లు మూసుకునేది. కరిచేది కాదు, రక్కేది కాదు. తను చూడకపోతే మనమూ దాన్ని చూడడం లేదని నమ్మేది పాపం.

దాన్ని మొదట సూళ్లూరుపేట కుటుంబం ఒకటి పెంచుకుంటామని తీసుకెళ్లింది. ఆ ఇంటాయనకు రాకెట్లు ఎగరేసే చోట ఉద్యోగం. పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే నల్లపిల్లి ఎదురొస్తోందని, రోజూ వెనక్కొచ్చి కూర్చుని నీళ్లు తాగి వెళ్లాల్సి వస్తోందని తిరిగిచ్చేశాడు. ఆకాశంలోకి పంపేదానికి అడ్డం రాని పిల్లి, ఆయన స్కూటరుకు అడ్డం వచ్చింది.

రెండోసారి ఒక అమ్మాయి తీసుకెళ్లింది. రీల్స్ చేస్తుందట. పిల్లి బీరువా వెనక నుంచి బయటికి రాకపోవడంతో ఒక్క వీడియో కూడా కుదరలేదని తెచ్చి దించేసింది. ఏదో కొన్న చీర రంగు పోయిందన్నట్టు మాట్లాడింది.

తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ పిల్లి తిండి మానేసింది. పిల్లి తిండి మానేస్తే రోజుల్లోనే లివరు దెబ్బతింటుంది. రెండోసారి సెలైన్లు ఎక్కించి ఎలాగో నిలబెట్టాం. కమలతో ఖచ్చితంగా చెప్పాను. "ఇంకొకసారి తిరిగొస్తే ఇది బతకదు. ఇస్తే చచ్చేదాకా ఉంచుకునేవాళ్లకే ఇవ్వు."

అప్పుడు వచ్చారు అలివేలమ్మ, మునిరత్నం. మా వెనక వీధి వాళ్లే. పెళ్లిరోజని మూగజీవాలకు పెరుగన్నం తెచ్చారు. మునిరత్నం కుక్కలన్నిటినీ వరసలో నిలబెట్టే ప్రయత్నంలో ఉండగా, అలివేలమ్మ ఆ పిల్లి గూడు పక్కన చతికిలబడింది.

"ఇది ఎవురితోనూ మాట్లాడదా డాక్టరమ్మా?"

"మాట్లాడదక్కా. దగ్గరికి కూడా రాదు."

"మంచిదే. మా ఇంట్లో అందరూ మాట్లాడేవాళ్లే. నోరు మూసుకోని నాతో పాటు కూర్చునేవాళ్లు ఒక్కరన్నా కావల్ల నాకు."

ఇన్నేళ్లలో పెంపకానికి ఎవరూ ఇంత మంచి కారణం చెప్పలేదు. వెంటనే ఇప్పించాను. దానికి కాటుక అని పేరు పెట్టింది ఆవిడే.

ఒక్క సెకనే, జరగండి

మునిరత్నం గురించి కూడా చెప్పాలి. ఆయన తిరుమల కొండ మీద క్యూలైన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. గుడి లోపల స్వామి ముందు భక్తులు ఆగిపోకుండా కదిలించడం ఆయన ఉద్యోగం. రిటైరైనా ఆ చెయ్యి రిటైరవలేదు. పెళ్లిలో అక్షింతలు వేయడానికి వెళ్లినా ముందువాళ్లను భుజం మీద తట్టి "జరగండి, జరగండి" అనేవాడు. ఒకసారి పెళ్లికొడుకునే జరిపేశాడు.

కాటుక వాళ్లింటికి చేరిన రెండో రోజే అలివేలమ్మ ఫోన్ చేసింది. "పిల్లి మెతుకు ముట్టలేదు డాక్టరమ్మా, ఒకసారి రాండి" అంది. వెళ్లేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట. మెట్ల మీద నుంచి పడగ్గది దాకా జనం వరస. పడగ్గదిలో మంచం పక్కన మునిరత్నం, చేతిలో టార్చి లైటు. ఒక్కొక్కరే వంగుతున్నారు, మంచం కిందికి లైటు పడుతోంది, భుజం మీద చెయ్యి పడుతోంది.

"ఒక్క సెకనే అమ్మా. చూసినారు కదా, జరగండి. ఎనకాల పెద్దాయన నిలబడుండాడు, జరగండప్పా."

మంచం కింద, మూలకు, ఆ నల్లటి ముద్ద కళ్లు మూసుకుని వణుకుతోంది. దాని ముందు స్టీలు ప్లేట్లో పులిహోర, పక్కన ఒక లడ్డూ ముక్క.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. టార్చి లాక్కుని, ఉన్నవాళ్లందరినీ వాకిలి దాకా తోశాను. తోసే పని నాకూ బాగానే వచ్చని ఆ రోజే తెలిసింది.

"ఏందన్నా ఇది? పిల్లికి పులిహోర ఏంది?"

"ప్రసాదం డాక్టరమ్మా! కొండ ఉద్యోగంలో చేరినాక ఈ ఇంట్లో నీసు లేదు. అయినా నేనేం తప్పు చేసినాను? పిల్లిని సూస్తామని వీధంతా వచ్చినారు. వచ్చినోళ్లకు సూపీకుండా పంపితే పాపం కదా?"

"దానికి భయం. నువ్వు భయం పోగొట్టడం లేదు, వీధి మొత్తానికి పంచిపెడుతున్నావు."

"అయితే సూదెయ్యండి."

పలమనేరు మళ్లీ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

రాసిచ్చిన మందు

ఆ రోజు నేను చెప్పినవి ఇవే. ఆ గదిలోకి అలివేలమ్మ తప్ప ఎవరూ వెళ్లకూడదు. మంచం కింద ఒక అట్టపెట్టె పెట్టాలి, దాక్కోవడానికి అదే దాని ఇల్లు. రోజూ ఒకే వేళకు తిండి పెట్టాలి. పిల్లి కళ్లలోకి సూటిగా చూడకూడదు, చెయ్యి చాచకూడదు, బయటికి లాగకూడదు. దానికి వీపు చూపించి కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవాలి. ఏదో ఒకరోజు అదే వచ్చి మనకు వీపు చూపించి కూర్చుంటుంది. పిల్లి ఒకరి దగ్గర వీపు తిప్పి కూర్చుందంటే, వెనక నుంచి వీళ్లేమీ చెయ్యరని నమ్మినట్టు.

"ఇంతేనా మందు?" అన్నాడు మునిరత్నం, తనను ఎవరో మోసం చేశారన్నట్టు.

"ఇంతే."

"మరి నేనేం చెయ్యల్ల?"

"గది బయట కుర్చీ వేసుకుని కూర్చో. ఎవరినీ లోపలికి పంపకు."

ఆయన ముఖం చూడాలి మీరు. జీవితమంతా జనాన్ని లోపలికి పంపి బయటికి తోసిన మనిషిని పట్టుకుని ఆపమన్నాను. అలివేలమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిండి సమస్య కూడా ఆవిడే తీర్చింది. షాపు నుంచి పిల్లి బిస్కెట్ల సంచి తెప్పించింది. మునిరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలో సీలు చేసి ఉంది కాబట్టి అది నీసు కాదని తీర్పు చెప్పాడు. నేను ఆ తీర్పుకు అడ్డం పోలేదు.

ఆవిడ రోజూ గదిలో మంచానికి వీపు పెట్టి దీపాలకు వత్తులు చేసుకునేది. వీధిలో సగం ఇళ్లకు వత్తులు ఆవిడ చేతివే. పత్తి తీసి, గింజ ఏరి, అరచేతిలో నులిమి పళ్లెంలో వేయడం. చప్పుడుండదు, ఆత్రముండదు. పిల్లిని మచ్చిక చేసుకోవడానికి అంతకంటే మంచి పని నేనెక్కడా చూడలేదు. కొన్నాళ్లకు కాటుక మనిషి ఉండగానే తినడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు మంచం కింద నుంచి ఒక నల్లటి కాలు వచ్చి పళ్లెంలో వత్తిని లాక్కుపోయింది. ఆ సంగతి చెప్పడానికి అలివేలమ్మ వెంటనే ఫోన్ చేసింది. "నా చేతి కాడికి వచ్చినాది డాక్టరమ్మా. నేను ఊపిరి కూడా తీసుకోలేదు" అంది. నాకూ కళ్లు చెమర్చాయి. ఫోన్లో కనబడదు కాబట్టి పరువు దక్కింది.

పసుపు నీళ్లు

అంతలో మునిరత్నం తన వైద్యం తను చేశాడు.

గంగమ్మ జాతర దగ్గర పడింది. తిరుపతిలో జాతరంటే ఇళ్లు కడగడం, గుమ్మాలకు వేపాకు, అమ్మవారికి పొంగళ్లు. ఇల్లంతా కడిగి ఒక్క పిల్లిని కడగకుండా వదిలితే ఎలా అని ఎవరో చుట్టం అన్నదట. అంతే, అలివేలమ్మ వీధి చివరికి వెళ్లిన సమయం చూసుకుని, మునిరత్నం మంచం కింద దూరి పిల్లిని మెడ పట్టుకుని లాగి పసుపు నీళ్ల బకెట్లో ముంచాడు.

ఎవరినీ ఎన్నడూ రక్కని పిల్లి ఆయన్ను మోచేతి నుంచి వేళ్ల దాకా చీరేసింది. నన్నడిగితే తక్కువే చీరింది.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి ఆయన చేతికి కట్టు కట్టించుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆటో పిలిపించాడు. ఆటోలో వలబుట్ట, బుట్టలో పసుపు పట్టిన కాటుక. అది అరవడం కూడా మానేసింది, ఒక పక్కకు తలవాల్చి పడుంది.

"ఇది ఈ ఇంట్లో ఉండేదానికి లేదు డాక్టరమ్మా. కమలమ్మ కాడ వదిలేసి వస్తా."

"వదిలితే చచ్చిపోతుందన్నా. ఇప్పటికే రెండుసార్లు అక్కడికి తిరిగొచ్చి చావు దాకా పోయింది."

"నా చెయ్యి సూడండి! నేను చచ్చిపోయినా ఎవురూ అడగరే ఈడ!"

అప్పుడు అలివేలమ్మ గేటుకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు ఆ స్థాయిలో నేను విన్నది అదే మొదలు.

"ఆటో యాడికి?"

"రేణిగుంట రోడ్డుకు. నీకెందుకుమే?"

"నిన్న చాటింపు అయిపోయినాది."

బయటి ఊరి పిల్లల కోసం చెబుతున్నాను. జాతరకు ముందు ఊళ్లో చాటింపు వేస్తారు. అది అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి బయట తెల్లవారకూడదు. కోర్టు ఉత్తర్వులను పట్టించుకోని వాళ్లు కూడా ఈ ఒక్క మాట దాటరు. కమల ఆశ్రమం పొలిమేరకు అవతల ఉంది.

"చాటింపు మనుషులకుమే, పిల్లులకు కాదు," అన్నాడు మునిరత్నం.

"ఈ ఇంట్లో తింటాండాది, ఈ ఇంట్లో పండుకుంటాండాది. ఇది ఇంట్లో మనిషి కాదా? తీసకపో, ఆపను. ఆ తల్లికి నువ్వే సమాధానం చెప్పుకో. అట్లే నాకు కూడా. నీ ఇంటికి వచ్చి ఇన్నేండ్లయినాది, నేను నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క పిల్లినే కదయ్యా!"

ఆటో డ్రైవరు ముందు దిగిపోయాడు. "నాకొద్దన్నా ఈ బాడుగ. జాతర రోజుల్లో అమ్మవారితో యెవ్వారం" అని బుట్ట తీసి మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. వాదించడానికి అమ్మవారు ఒకవైపు, భార్య ఒకవైపు అయ్యేసరికి మునిరత్నం కుర్చీలో కూలబడ్డాడు. నా చదువు మొత్తం సాధించలేనిది ఒక డప్పు చాటింపు సాధించింది. దీన్నిబట్టి చదువు మీద నాకు నమ్మకం పోలేదు గానీ గర్వం కొంచెం తగ్గింది.

కథ మళ్లీ మొదటికొచ్చింది. మంచం కింద అట్టపెట్టె, మంచానికి వీపు పెట్టి వత్తులు. కట్టు కట్టిన చేత్తో ఏ పనీ చేయలేక మునిరత్నం గది బయట కుర్చీలోనే ఉండిపోయాడు. తలుపు సందులోంచి రోజంతా చూడడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. భార్య అన్నేళ్లుగా చేస్తున్న వత్తులు ఎలా చేస్తుందో ఆయన మొదటిసారి చూసింది అప్పుడేనని నా అనుమానం. వీధివాళ్లు వస్తే మెల్లగా "ఇప్పుడు కాదప్పా" అనడం మొదలుపెట్టాడు. ఆయన మెల్లగా మాట్లాడగలడని నాకు అంతవరకు తెలియదు.

జాతర రోజు

జాతర చివరి రోజు అంబలి తాగడానికి నన్ను పిలిచారు. వీధిలో వేషాలు, డప్పులు. గది తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. నేను వెళ్లి అలివేలమ్మ పక్కన చప్పుడు చేయకుండా కూర్చున్నాను. తలుపు ఓరగా తీసి, గుమ్మంలో కుర్చీ వేసుకుని మునిరత్నం.

పసుపు నీళ్ల తర్వాత మొదటిసారి కాటుక మంచం కింద నుంచి పూర్తిగా బయటికొచ్చింది. కడుపు నేలకు ఆనించి, రెండడుగులు వేసి, ఆగి, మళ్లీ వేసి, వత్తుల పళ్లెం దాకా వచ్చింది. 

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. దిగినాయన ఒకప్పుడు పెద్ద అధికారి. ఏ శాఖో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కుటుంబంతో ఎప్పుడు కొండకొచ్చినా మునిరత్నం వంగి వంగి వెంట నడిచేవాడట. ఆయన పేరు చెప్పేటప్పుడు కూడా మునిరత్నం లేచి నిలబడతాడు.

"ఏం మునిరత్నం! మీ ఇంట్లో పిల్లి చాలా ఫేమస్ అటగా. మా ఆవిడ చూస్తానంటోంది, ఏదీ?"

ఆవిడ అప్పటికే ఫోన్ కెమెరా తెరిచి పట్టుకుంది. లోపల కాటుక చెవులు వెనక్కి వాలాయి. ఇప్పుడు మంచం కిందికి పోతే మళ్లీ ఎప్పటికొస్తుందో, అసలు వస్తుందో రాదో నేను చెప్పలేను. నేను లేవబోయాను. నాకంటే ముందు మునిరత్నం లేచాడు. అయిపోయింది అనుకున్నాను. ఆ నడుము వంగడం నాకు తెలుసు.

నడుము వంగలేదు.

"లేదు సార్," అన్నాడు మెల్లగా.

"లేదా? పిల్లి లేదా?"

"ఉండాది సార్. దర్శనం లేదు. ఇప్పుడిప్పుడే బయటికొచ్చినాది. మీరొస్తే బెదిరిపోతాది."

"ఒక్క సెకను చూసి వెళ్లిపోతామయ్యా."

"ఒక్క సెకను అంటే ఎంతో నాకు తెలుసు సార్. లచ్చల మందికి ఇచ్చినాను. అన్నం తినిపోండి, ఆకేస్తాము. పిల్లిని మాత్రం సూపీను."

ఆ అధికారి అక్కడే నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి మునిరత్నాన్ని పక్కకు జరుపుతారేమో అని చూసినట్టున్నాడు. ఎవరూ రాలేదు. అన్నం తినకుండానే కారెక్కి వెళ్లిపోయాడు.

మునిరత్నం గుమ్మం దగ్గరికి తిరిగొచ్చాడు.  కాటుక పళ్లెం పక్కనే ఉంది, పారిపోలేదు. ఆయన్ను ఒకసారి చూసింది. తర్వాత నిదానంగా తిరిగి, ఆయనకు వీపు చూపించి కూర్చుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది.

"సూడుమే!" అన్నాడు భార్యతో. "దీనికోసరం అంతటి మనిషిని వాకిట్లోనుంచే పంపేసినాను. మొగమన్నా సూపీకుండా నాకు వీపు తిప్పినాది."

పిల్లి వీపు తిప్పితే అర్థమేమిటో నేను ముందే చెప్పాను. ఆయన ఎప్పటిలాగే వినలేదు. మళ్లీ చెబుదామని నోరు తెరిచాను. అలివేలమ్మ నాకు ఆ అవసరం రానివ్వలేదు. చేతిలో వత్తి నులుముతూ, తల తిప్పకుండా అంది.

"నువ్వు అన్నేండ్లు జనం పక్క తిరిగి, సామికి వీపు పెట్టి నిలబడ్లేదా? సామంటే నమ్మకం లేకనా?"

డప్పులు వీధి మలుపు తిరిగి దూరమయ్యాయి.  మునిరత్నం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కుర్చీని గుమ్మానికి అడ్డంగా జరిపి, వాకిలి వైపు తిరిగి, పిల్లికి వీపు పెట్టి కూర్చున్నాడు.